వేణ్ణీళ్ళలో కరిగే రాయి

మ్యూజియం మెట్లు దిగి కిందికి వెళ్తే ఎడమచేతివైపు ఒక గది ఉంటుంది. తలుపు మీద 'శుభ్రపరచు విభాగం' అని బోర్డు. ఆ విభాగం సిబ్బంది అంతా కలిపి ఒక్కడు. పై అంతస్తుల వాళ్ళు అతన్ని స్నానాల మేస్త్రి అంటారు. రాళ్ళకు స్నానాలు చేయించడం అతని ఉద్యోగం మరి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే గది, అదే రాతి తొట్టి, అదే కారే కుళాయి. కుళాయి మార్చమని తొమ్మిది అర్జీలు పెట్టాడు. ఒక్కదానికీ జవాబు లేదు. పదోది పెట్టడానికి పౌరుషం అడ్డొచ్చి, కుళాయి కింద ఒక డబ్బా పెట్టుకుని ఊరుకున్నాడు.

రాళ్ళు కడగడం కూడా ఒక పనేనా అని మీరు మూతి విరవొచ్చు. అతనికి పిల్లనిచ్చిన మామగారు కూడా అలాగే విరిచాడు. కానీ ఏ రాయి స్వభావం దానిది. ఒకటి తడి తగిలితే నెల తిరక్కుండా పొడిపొడిగా రాలిపోతుంది. ఒకటి ఎండ చూస్తే రంగు మారుతుంది. ఒకదానికి సబ్బు పడదు, ఇంకోదానికి బ్రష్షు పడదు. ఇవన్నీ అతనికి నేర్పినవాడు అంతకుముందు ఆ గదిలో ఉన్న పెద్ద మేస్త్రి. తిట్టకుండా ఒక్క ముక్క నేర్పిన పాపాన పోలేదా మనిషి.

"చీటీ మీద ఏం రాసున్నా సరే, ముందు వెనకవైపు ఒక మూల మీద ఒక్క చుక్క వేసి చూడరా దద్దమ్మా. వంద లెక్కపెట్టు. ఆ తర్వాతే ముంచు" అనేవాడు.

మొదటిసారి కడిగిన నీళ్ళు తొట్టిలో పారబోస్తే చెయ్యెత్తేవాడు. ఆ నీళ్ళు వడకట్టాలి. కాగితం మీద మిగిలిన మట్టిని ఆరబెట్టి, పొట్లం కట్టి, మీద రాయి నంబరు వేసి దాచాలి. "మట్టి కూడా రాయిదేరా. నీ అబ్బసొత్తు కాదు పారబొయ్యడానికి" అనేవాడు. ఆ పొట్లాలతో ఇప్పటికి రెండు బీరువాలు నిండాయి. ఇన్నేళ్ళలో వాటిని కావాలని అడిగిన నాథుడు లేడు. అయినా మన మేస్త్రి పొట్లాలు కట్టడం మానలేదు. చేతికి అలవాటైపోయింది.

ఈ ఉద్యోగంలో అతన్ని పెట్టించింది అన్న. ఉద్యోగమనేముంది, సైకిలు తొక్కడం దగ్గర్నుంచి గడ్డం గీసుకోవడం దాకా అతనికి అన్నీ అన్న చేతిమీదుగా వచ్చినవే. తండ్రి పోయేనాటికి ఇతనికి తొమ్మిదేళ్ళు, అన్నకు పదిహేడు. అన్న తన చదువు అటకెక్కించి, ఊరి చివర సీసం గనిలో చేరాడు. గనిలో వింతగా కనబడిన రాయినల్లా జేబులో వేసుకొచ్చి మ్యూజియంలో ఇచ్చేవాడు. ఇచ్చినందుకు ఒక టీ తప్ప ఏమీ పుచ్చుకునేవాడు కాదు. అలా పెద్ద మేస్త్రితో స్నేహం కుదిరింది. "మా తమ్ముడున్నాడు, చెయ్యి నెమ్మది" అని చెప్పి, తీసుకొచ్చి తొట్టి ముందు నిలబెట్టాడు.

ఇరవై రెండేళ్ళ కిందట అన్న ఒక రాయి తెచ్చాడు. గొడవంతా ఆ రాయితోనే.

గనిలో ఏడో సొరంగం సముద్రమట్టం కంటే కిందికి ఉండేది. తాతల నాడే మూసేసిన సొరంగం. గోడల్లోంచి ఉప్పునీరు ఊరుతూ ఉండేది. పంపులు బిగించడానికి అందులోకి దిగిన వాళ్ళలో అన్న ఉన్నాడు. పని అయిపోయి అందరూ పైకి వచ్చేశాక, పానా మరిచిపోయానని ఒక్కడే వెనక్కి వెళ్ళాడు. అక్కడ, గోడలో ఒక బొరియ. బొరియలో గుప్పెడంత రాయి. దాని మీద సన్నటి తెల్లపుల్లలు గుత్తులు గుత్తులుగా, పట్టుదారంలా మెరుస్తూ. గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. చేతిలోకి తీసుకుంటే మాత్రం, ఇంత రాయికి ఇంత బరువేమిట్రా బాబూ అనిపించేంత బరువు.

చిక్కెక్కడ వచ్చిందంటే, అలాంటి పుల్లలు ఆ ఊళ్ళో ఇంకోచోట కూడా దొరికేవి. సీసం కరిగించాక మిగిలే నల్లటి గాజులాంటి చెత్తను చిట్టెం అంటారు. పాత కొలిమి వాళ్ళు తరాల తరబడి దాన్ని సముద్రపు ఒడ్డున పారబోశారు. ఉప్పునీళ్ళు ఏళ్ళకేళ్ళు నానబెడితే, ఆ చిట్టెం గుంటల్లో కూడా ఇలాంటి తెల్లపుల్లలే పుడతాయి. చూడ్డానికి ఒకటే, తూకానికి ఒకటే. తేడా అంతా పుట్టుకలో ఉంది. భూమి తనంతట తాను చేసుకున్నది ఖనిజం. మనిషి పారబోసిన చెత్తలో పుట్టినదాన్ని పండితులు ఆ వరసలో కూర్చోబెట్టరు. సొరంగంలో పుట్టిన పుల్లలైతే ప్రపంచంలో ఏ కొద్దిచోట్లనో తప్ప దొరకని అరుదైన సంగతి. ఒడ్డున పుట్టినవైతే, పిల్లలు ఏరుకుని ఆడుకునే వస్తువు.

గని ఇంజనీరుకు అన్నంటే మొదట్నుంచీ గిట్టదు. "సొరంగమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఒడ్డున ఏరుకొచ్చి గొప్పలు పోతున్నాడు" అనేశాడు. మ్యూజియంలో అయిదుగురు పెద్దమనుషులు కూర్చుని అన్నను పిలిపించారు. సాక్ష్యం ఎవరన్నారు. ఎవరూ లేరు. అప్పుడు వాళ్ళలో ఒకాయన, మూల ట్రే పట్టుకుని నిలబడ్డ తమ్ముడి వైపు తిరిగాడు.

"ఏమయ్యా, మీ అన్న ఆ ఒడ్డుకి వెళ్తూంటాడా?"

"ఆదివారాలు వెళ్తాడండీ" అన్నాడు ఇతను.

అబద్ధమేం కాదు. అన్నా వదినా ప్రతి ఆదివారం సాయంత్రం ఆ ఒడ్డున గాలికి నడిచేవాళ్ళు. కానీ దాని వెనకాలే 'మా అన్న అబద్ధమాడడండీ' అని ఇంకో మాట అనాలి. అది నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఎదురుగా అందరూ పెద్దవాళ్ళు. అదీగాక, దాచడం దేనికి, ఇతనికీ లోపల ఎక్కడో ఒక అనుమానం ఉండింది. అయిదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటి క్యూరేటరు రాయిని దూరం నుంచే చూసి, 'సీసపు సల్ఫేటు. పుట్టుక అనుమానం, ఒడ్డు చిట్టెం కావచ్చు' అని చీటీ రాసి అతికించాడు. నాలుగు వేల నాలుగు వందల ఏడో నంబరు వేసి అడుగు సొరుగులో పడేశారు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్న చెప్పులు విప్పుతూ మామూలుగానే మాట్లాడాడు.

"అది సల్ఫేటు కూడా కాదురా. ఒక పుల్ల విరిగి మరిగే నీళ్ళలో పడింది మొన్న. చూస్తుండగానే కరిగిపోయింది. నీళ్ళు పారబోసి గిన్నె కూడా అవతల పెట్టేశా. మీ క్యూరేటరుకి చెప్పు."

తమ్ముడు పకపకా నవ్వాడు. "కరగడానికి అదేమన్నా పటికబెల్లమా అన్నయ్యా? పోనీ, టీలో వేసుకుందామా?"

పిల్లలు కూడా నవ్వారు. వదిన నవ్వలేదు. అన్న చెప్పులు గోడవారన సర్ది లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ రాయి మాట అన్న నోట రాలేదు. గనిలో వాళ్ళు మాత్రం వదల్లేదు. "ఏం ఏడోసొరంగం, ఇవాళేం ఏరుకొచ్చావ్?" అని పిలిచి పిలిచి, అదే పేరు చేసేశారు. గని మూసేసే దాకా అన్న ఏడోసొరంగమే. పంపులు ఆపేశాక అసలు ఏడో సొరంగంలోకి సముద్రం వచ్చి చేరింది. మళ్ళీ దిగి చూసొచ్చే దారి కూడా లేకుండా పోయింది.

అన్న పోయి ఆరేళ్ళు. ఊపిరితిత్తుల జబ్బు. చివరి నెలల్లో తమ్ముడు రోజూ వెళ్ళి మంచం పక్కన కూర్చునేవాడు. వాన గురించి, కుళాయి గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఆ రాయి సంగతి అడగాలని ఎన్నిసార్లో అనుకున్నాడు. ఏమని అడుగుతాడు? నోరు రాలేదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మొన్న ఆ రాయిని వెతుక్కుంటూ ఒక ఉత్తరం వచ్చింది. ఎక్కడో దూరపు ఊళ్ళో సీసపు ఖనిజాల మీద పనిచేసే ఒక ప్రొఫెసరమ్మ మ్యూజియం పాత రిజిస్టర్లు చదువుతూ ఈ రాయి నంబరు దగ్గర ఆగిందట. పుల్లల వర్ణన చూస్తే సల్ఫేటులా లేదు, కొటునైట్ అనే సీసపు క్లోరైడులా ఉంది, సొరంగంలోదే అయితే చాలా విలువైన సంగతి, స్వయంగా వచ్చి చూస్తాను అని రాసింది. క్యూరేటరు మేడం సెలవు మీద వెళ్తూ ఆ ఉత్తరం మేస్త్రి చేతికిచ్చి, "రాయి తీసి బల్ల మీద పెట్టండి చాలు" అంది. చాలు అని కూడా అంది. గుర్తుంచుకోండి.

మేస్త్రి ఆ రోజే వదిన ఇంటికి వెళ్ళి ఉత్తరం చదివి వినిపించాడు. వదిన రెండుసార్లు చదివించుకుంది.

"అంటే మీ అన్నయ్య అబద్ధం చెప్పలేదని తేలుతుందా?"

"తేలొచ్చు వదినా."

"నేనూ వస్తాను. నా కళ్ళతో చూడాలి" అంది. ఆరేళ్ళలో ఆమె గొంతులో అంత హుషారు అతను వినలేదు.

చూడ్డానికి రాయి ఎలా ఉంది? అడుగు సొరుగులో ఇరవై రెండేళ్ళు పడి ఉన్న రాయి ఎలా ఉంటుంది! పుల్లల మధ్యంతా గోధుమరంగు బురద గట్టిపడి, పైన దుమ్ము పేరుకుని, అచ్చం పాతబడ్డ పళ్ళు తోమే బ్రష్షులా ఉంది. రేపు పొద్దున ప్రొఫెసరమ్మ వస్తుంది, వదిన వస్తుంది. ఊళ్ళో అందరి రాళ్ళూ కడిగినవాడు అన్న రాయిని ఇలా చూపిస్తాడా? అతని మనసు ఒప్పలేదు. చీటీ చూశాడు. సీసపు సల్ఫేటు. అలాంటివి డజను కడిగాడు, ఒక్కదానికీ ఏమీ కాలేదు. చన్నీళ్ళతో బ్రష్షు ఆడించి చూశాడు. బురద కదల్లేదు. అందుకని చిన్న గాజుగిన్నెలో రాయి పెట్టి, కెటిల్‌లోంచి పొగలు కక్కే నీళ్ళు పోసి, చల్లారకుండా వేడిపలక మీద ఉంచాడు.

మూల మీద చుక్క వేసి చూడలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పని మనిషి ఆ రోజు తప్పాడు. కంగారా, సంబరమా, ఏం చెప్తాం! పైకి వెళ్ళి గేటు దగ్గర కాపలా తాతతో టీ తాగాడు. రేపు మా అన్న రాయి చూడ్డానికి పెద్ద ప్రొఫెసరు వస్తోందని చెప్పాడు. తాత ఇంకో టీ తెప్పించాడు.

గంట తర్వాత కిందికి దిగి, గ్లౌజులు తొడుక్కుని, పట్టకారుతో రాయిని పైకి తీశాడు. బోడిరాయి వచ్చింది.

మొదట పుల్లలు రాలిపోయాయేమో అనుకున్నాడు. గిన్నెలో వెతికాడు. అడుగున గోధుమరంగు బురద తప్ప ఇంకేమీ లేదు. భూతద్దం పెట్టి రాయిని అటూ ఇటూ తిప్పాడు. పుల్లలు నాటుకున్న చోట చిన్న చిన్న గుంటలు మిగిలాయి. అప్పుడు గుర్తొచ్చింది. చెప్పులు విప్పుతూ అన్న చెప్పిన మాట. కరిగిపోయిందిరా, మీ క్యూరేటరుకి చెప్పు.

అన్న చెప్పనే చెప్పాడు. చీటీ రాసినవాడు రాయిని ముట్టుకోలేదు. అన్న ముట్టుకున్నాడు, చూశాడు, ఇంటికొచ్చి చెప్పాడు. తను చీటీని నమ్మాడు, అన్నను నమ్మలేదు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. మేస్త్రి స్టూలు మీద కూలబడి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఎక్కెక్కి ఏడ్చాడు. యాభై ఆరేళ్ళ మనిషి.

ఏడుస్తూనే చేతులు వాటి పని అవి చేశాయి. వేడి నీళ్ళను కాగితం మీద పోసి వడకట్టాడు. తేటనీరు ఇంకో గిన్నెలోకి దిగింది, బురద కాగితం మీద ఉండిపోయింది. దాన్ని ఆరబెట్టాడు, పొట్లం కట్టాడు, 4407 అని వేశాడు. ఎందుకు కడుతున్నాడో అతనికే తెలియదు.

తేటనీళ్ళు చల్లారుతున్నాయి. సాయంత్రం లైటు వేసి చూస్తే గిన్నె అడుగున ఏదో తళుక్కుమంది. వంగి చూశాడు. పుల్లలు! తెల్లగా, సన్నగా, ఒకదానికొకటి అడ్డంగా లేస్తున్నాయి. వేడికి కరిగింది చలవకు తిరిగొస్తోంది. స్కూలు పిల్లలు మ్యూజియానికి వచ్చినప్పుడు పటికతో ఇదే ఆట అతను వందసార్లు ఆడి చూపించాడు.

అప్పుడొక ఆలోచన వచ్చింది. వచ్చిందనడం దేనికి, తనే పిలిచాడు. నీళ్ళు మళ్ళీ వేడి చేశాడు. పుల్లలు కరిగాయి. బోడిరాయిని అందులో పెట్టి, మీద పళ్ళెం మూసి, చుట్టూ గుడ్డ చుట్టాడు. నెమ్మదిగా చల్లారితే పుల్లలు పొడుగ్గా వస్తాయి. ఇంటికి వెళ్ళాడు. భార్య అడిగితే తలనొప్పి అన్నాడు, తినకుండా పడుకున్నాడు.

పొద్దున్నే వచ్చి గుడ్డ విప్పితే రాయి నిండా పుల్లలు. కరిగిందంతా రాలేదు, సగం నీళ్ళలోనే ఉండిపోయింది, గిన్నె గోడలకు కొంత పట్టింది. అయినా నిన్నటి మురికి బ్రష్షు ఎక్కడ, ఇదెక్కడ! పెళ్ళికి ముస్తాబైనట్టు ఉంది. ఆరబెట్టి, దూది పరిచిన పెట్టెలో పెట్టి, బల్ల మీద ఉంచాడు. పొట్లం చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎవరికి తెలుస్తుంది? అదే సీసం, అదే క్లోరిను, అదే బరువు, అదే మెత్తన. తనొక్కడు నోరు మూసుకుంటే చాలు, అన్న మాట నిలబడుతుంది.

ప్రొఫెసరమ్మ చిన్న వయసుదే. భుజాన బరువైన పెట్టె, జుట్టు నిండా బస్సు దుమ్ము. వదిన అప్పటికే వచ్చి, గొడుగు ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

"మీరు?" అంది ప్రొఫెసరమ్మ.

"ఈ రాయి తెచ్చినాయన భార్యనమ్మా."

"అయ్యో, దగ్గరికి రండమ్మా. మీరూ చూడండి."

ఒక పుల్లను గోటితో గీసింది. రాయిని లైటు కింద తిప్పి ఆ మెరుపు చూసింది. రాలిన చిన్న తునకను అద్దంపలక మీద పెట్టి, మీద ఒక్క చుక్క వేడినీళ్ళు వేసింది. ముందు ఒక్క చుక్క. మేస్త్రి తల తిప్పుకున్నాడు.

"కరిగింది! ఇది సల్ఫేటు కానే కాదు. సీసపు క్లోరైడే. కొటునైట్. ల్యాబులో ఖాయం చెయ్యాలి గానీ, నాకు అనుమానం లేదు."

"ఆయన అప్పుడే చెప్పాడమ్మా, కరుగుతుందని" అంది వదిన.

"ఇక పుట్టుక ఒక్కటే తేలాలి." ప్రొఫెసరమ్మ భూతద్దం దగ్గరగా పెట్టుకుంది. "అగ్నిపర్వతం నోటి దగ్గర పుట్టినా ఇంతే ఉంటుంది, చిట్టెంలో పుట్టినా ఇంతే ఉంటుంది. తనెక్కడ పుట్టిందో అది తను చెప్పదు. పుల్లల మధ్య చిక్కుకున్న మట్టి చెప్పాలి. ఒడ్డుదైతే గాజుపూసలు, బొగ్గునలుసులు ఉంటాయి. గనిదైతే గని మట్టి ఉంటుంది. చిత్రంగా దీంట్లో నలుసంత మట్టి కూడా లేదే! ఎవరైనా కడిగారా?"

మేస్త్రి చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. బ్రష్షుతో దులిపానండీ, మట్టి ఇదిగో అంటే సరిపోతుంది. జేబులో పొట్లం ఉండనే ఉంది. అన్న గెలుస్తాడు, వదిన సంతోషంగా ఇంటికెళ్తుంది, తన తప్పు తనతోనే పోతుంది. "బ్రష్షుతో..." అని మొదలుపెట్టాడు. వదిన అతని మొహంలోకి చూస్తోంది. నమ్మకంగా చూస్తోంది. నిజం చెప్పి అబద్ధాలకోరు అనిపించుకున్న మనిషిని అబద్ధంతో గెలిపించడమా? అతని వల్ల కాలేదు.

"వేణ్ణీళ్ళలో పెట్టానమ్మా" అన్నాడు. "నిన్న. చుక్క వేసి చూడకుండా పెట్టాను. మొత్తం కరిగిపోయింది. ఇవి ఆ పుల్లలు కావు. అవే నీళ్ళలో రాత్రికి రాత్రి నేను పెంచినవి. మిమ్మల్ని మోసం చేద్దామనే పెంచాను."

గదిలో కుళాయి చుక్క డబ్బాలో పడిన శబ్దం వినబడింది. ప్రొఫెసరమ్మ భూతద్దం బల్ల మీద పెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

"ఎంత పని చేశారండీ" అంది నెమ్మదిగా. "ఆ సొరంగం సముద్రంలో ఉంది. మళ్ళీ దొరికేది కాదు. ఇవి ఖనిజం కాదిక, మీ గిన్నెలో మీరు చేసినవి."

అతను జేబులోంచి పొట్లం తీసి రెండుచేతులా ఇచ్చాడు. "మొదటి కడుగు మట్టి. ఇదొక్కటీ పారబొయ్యలేదమ్మా."

ఆమె ఆ పొట్లం మీది నంబరు చూసింది, బీరువాల వైపు చూసింది, గబగబా సూక్ష్మదర్శిని బయటికి తీసింది. అరగంట కళ్ళు ఎత్తలేదు. మేస్త్రి చేతులు కట్టుకుని తొట్టి పక్కన నిలబడ్డాడు. వదిన గొడుగు పిడి పట్టుకుని కూర్చుంది. అతని వైపు చూడలేదు. ఆ అరగంటలో అతనికి ఒక్కటే భయం: గాజుపూస కనబడితే? ఇరవై రెండేళ్ళ అనుమానం నిజమైతే?

"సీసపురాయి నలుసులున్నాయి" అంది ప్రొఫెసరమ్మ ఎట్టకేలకు. "గని బంకమన్ను, సున్నపురాయి పలుకులు. గాజుపూస ఒక్కటి కూడా లేదు. బొగ్గు లేదు. మొత్తం వెతికాను."

"అంటే మా ఆయన అబద్ధం ఆడలేదు కదమ్మా?" వదిన లేచి నిలబడింది.

"ఆడలేదమ్మా. ఆయన చెప్పింది నిజమేననిపిస్తోంది. కానీ, అసలు పుల్లలు లేకుండా నేను దీన్ని ఖనిజాల జాబితాలో ఎక్కించలేను. 'గనిలో పుట్టి ఉండవచ్చు' అని మాత్రం..."

"ఆ 'కానీ' మీ పుస్తకంలో రాసుకోండి తల్లీ. నాకొద్దు."

అప్పుడు మరిది వైపు తిరిగింది.

"ఆ రోజు అయిదుగురి ముందు అడక్కుండానే నోరు విప్పి..."

"అడిగారు వదినా" అనబోయి ఆగిపోయాడు. అడిగినా అడక్కపోయినా ఒకటే.

"...ఇవాళ మా ఇద్దరి ముందు విప్పావు. ఆనాడే 'మా అన్న అబద్ధమాడడు' అని ఉంటే, ఆయన పదేళ్ళపాటు ఆ వెధవ పేరు మోసేవాడు కాదు. జాబితా కాదు నాకు కావల్సింది. సొంత తమ్ముడు ఒక్క మాట అంటాడేమోనని మంచంలో కూడా ఎదురుచూశాడయ్యా. నువ్వొచ్చి కుళాయి గురించి మాట్లాడేవాడివి."

అతనికి తల కొట్టేసినట్టయింది. "తప్పయిపోయింది వదినా" అన్నాడు. ఆ మాట చాలదని అతనికీ తెలుసు.

ప్రొఫెసరమ్మ పొట్లాన్ని జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది. పరీక్షకు రెండు పుల్లలు తీసుకుంది. మిగతావి తనకక్కర్లేదంది. కొత్త చీటీ ఏం రాయాలో మీరే చెప్పండి అని కాగితం ముందుకు తోసింది. ఈమధ్య మ్యూజియం చీటీలన్నీ రాసేది మేస్త్రే, గుండ్రటి చేతివ్రాత. రాశాడు: 'నెం. 4407. సీసపు క్లోరైడు ఉండిన రాయి. దొరికిన చోటు: గని, ఏడో సొరంగం. తెచ్చినవారు చెప్పారు, మట్టి సాక్ష్యం. అసలు పుల్లలు కడగడంలో పోయాయి. కడిగినవాడు తెచ్చినవారి తమ్ముడు.' వదిన అది చదివింది. చీటీ తిరిగి బల్ల మీద పెట్టింది.

"వేణ్ణీళ్ళున్నాయా?" అంది.

"ఉన్నాయి వదినా. టీ పెట్టనా?"

"టీ కాదు. కరిగేది చూపించు. ఆయన చూశాడు, నువ్వు చూశావు, ఆవిడ చూసింది. నేనొక్కదాన్నే చూడలేదు."

మేస్త్రి కెటిల్ పెట్టాడు. నీళ్ళు పొగలు కక్కాక గాజుగిన్నెలో పోశాడు. వదిన చేతికి గ్లౌజులు తొడిగాడు, ఆమె వేళ్ళు సన్నగా ఉండి వదులయ్యాయి. పట్టకారుతో రాయి మీది పుల్ల ఒకటి విరిచి అందించాడు. వదిన దాన్ని నీళ్ళలో వదిలింది. పుల్ల అడుగుకు దిగింది, అంచులు మసకబారాయి, సన్నబడింది, ఇంకా సన్నబడింది. ఆమె మొహం గిన్నె దగ్గరికి తెచ్చి, కళ్ళద్దాలకు ఆవిరి పడితే తుడుచుకుని మళ్ళీ వంగింది. అప్పటికి గిన్నెలో తేటనీళ్ళు తప్ప ఏమీ లేవు.

"చెప్పాడుగా" అంది వదిన.

"చెప్పాడు వదినా."

ఆమె గ్లౌజు చెయ్యి చాపింది.

"ఇంకోటి ఇవ్వు."

అతను ఇంకోటి విరిచి ఇచ్చాడు.